దీవెన అల్లుకున్న దుప్పటి

"ఆ కాసిని రొయ్యలు వొలవడానికి ఇంతసేపా?" అన్నాడు రమేష్ బాబు, వంటింటి గుమ్మంలో నిలబడి. కోపంగా ఏమీ అనలేదు. అతనికి కోపం రావడం అరుదు. గ్లాసులో మిగిలిన టీ తాగుతూ, బయట ఎండ ముదిరిందని చెప్పినట్టే చెప్పాడు.

దీవెన పీట మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, ఒక్కో రొయ్య వీపు మీద గోటితో గీసి నల్లటి నరం లాగుతోంది. తలకాయలు వేసిన గిన్నె పక్కనే పిల్లి, జున్ను, తోక చుట్టుకుని కూర్చుంది. తన వంతు వచ్చేదాకా కదలదు, అరవదు. జున్నుకున్న ఓపికలో సగం ఈ మనిషికి ఉంటే బావుండుననుకుంది దీవెన. పెరటి మెట్టు మీద మేస్త్రి పడుకుని ఇటే చూస్తోంది. మేస్త్రి అంటే కుక్క. వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు ఇసక గుట్ట మీద పుట్టింది. పనివాళ్ళు వెళ్ళిపోయాక ఎవరూ పిలవకుండానే వీళ్ళింటికి వచ్చేసింది. ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా చేరి, ముందుకాళ్ళు చాచుకుని, తీరిగ్గా పర్యవేక్షించడం దాని అలవాటు. ఆ పేరు అలా వచ్చిందే. "ఈ ఇంట్లో మేస్త్రీలు ఇద్దరు" అని దీవెన ఒకసారి అంటే రమేష్ బాబు కూడా హాయిగా నవ్వాడు. రెండో మేస్త్రి ఎవరని మాత్రం అడగలేదు.

అతను కొవ్వూరు పక్కన ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. అక్కడి హెడ్మాస్టరు సత్యప్రసాద్ గారు ఏప్రిల్ ఆఖరికి రిటైరవుతున్నారు. ఆయన్నీ ఆయన భార్య పాపాయి గారినీ ఇవాళ రెండో శనివారం సెలవు కదాని భోజనానికి పిలిచానని నిన్న సాయంత్రమే చెప్పాడు, దీవెన రాజమండ్రిలో ఆఫీసు నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే. "పెద్దగా ఏమీ వద్దు. రొయ్యలు చింతచిగురు, కోడి వేపుడు, కాస్త పప్పుచారు. గారెలంటే ఆయనకి ప్రాణం, అవి కూడా ఒక నాలుగు వెయ్యి. నువ్వు చిటికెలో చేసేస్తావుగా."

నిజానికి చిటిక వెయ్యడం దీవెనకి రాదు. చిన్నప్పుడు ఎంత తంటాలు పడినా వేళ్ళు జారేవే తప్ప చప్పుడు వచ్చేది కాదు. అయినా ఈ ఇంట్లో సమస్తం ఆమె చిటికెలోనే జరిగిపోతుందని అందరి నమ్మకం. చింతచిగురులో పుల్లలు ఏరి, అరచేతుల మధ్య నలపడం ఒక చిటిక. మినప్పప్పు నానబోయడం, పొట్టు కడగడం, రుబ్బడం ఇంకో చిటిక. పక్కింటివాళ్ళని అడిగి రెండు కుర్చీలు తెచ్చి వేయడం కూడా ఎవరి లెక్కలోకీ రాని చిటికే. ఆఫీసులోనూ ఇదే వరస. ఆమె ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమస్తా. పాత ప్రిన్సిపాల్ గారు ఓ రోజు పిలిచి, "దీవెన గారూ, మీ చేతిలో కళ ఉందండి, నా కుర్చీ వీపుకి ఒక లేసు కవరు అల్లి పెట్టరూ, ఖాళీగా ఉన్నప్పుడు" అన్నాడు. అల్లి పెట్టింది. ఆయన ఉద్యోగం మారి వెళ్ళిపోతూ కుర్చీ వదిలేసి కవరు పట్టుకెళ్ళాడు. దీవెన దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటుంది. నవ్వు అయ్యాక గుండెలో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, అంతే.

ఆమె అల్లినవి ఊరంతా ఉన్నాయి. ఆడపడుచు ఇంట్లో టీవీ మీద, ఇంటి ఓనరు గారి ఫ్రిజ్ మీద, లూథరన్ చర్చిలో ప్రభువు బల్ల మీద, రమేష్ బాబు స్నేహితుల పిల్లల పెళ్ళిళ్ళలో కానుక కాగితాల లోపల. ఎవరైనా మెచ్చుకుంటే అతను గర్వంగా, "మా ఇంట్లో అల్లిందండి, ఖాళీగా ఉన్నప్పుడు అల్లేస్తూ ఉంటుంది" అంటాడు. ఆ ఖాళీ ఎక్కడుందో చూపిస్తే తనూ ఒకసారి వెళ్ళి చూసొస్తుంది కదా అనిపించేది దీవెనకి. గోదావరి వంతెన మీద బస్సు ఆగిపోయినప్పుడు, కుక్కరు విజిల్ కోసం చూసేటప్పుడు, చర్చిలో కమిటీ మీటింగు సాగుతున్నప్పుడు, ఇంకో పని మీద ఉంటూనే దాని అంచున అల్లేది. అయినా ఎవరైనా ఎదురుగా పొగిడితే తను కూడా "ఏముందండీ, ఖాళీగా ఉన్నప్పుడు..." అనేది. ఆ మాట తన నోటి నుంచి విన్నప్పుడే ఆమెకి ఎక్కువ చిరాకు వేసేది.

దీవెన పుట్టిల్లు నరసాపురం పక్క పల్లె. అక్కడ ఆడవాళ్ళందరి చేతుల్లోనూ కొక్కెం సూది ఉండేది. వాళ్ళమ్మ, పేరు చిన్నమ్మాయి, పొలం పని లేని రోజుల్లో అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చి, అల్లినవి పట్టుకెళ్ళేవాడు. అవి ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయేవట, ఎవరి బల్లల మీదో, ఎవరి పరుపుల మీదో పరుచుకునేవట. అమ్మ పోయిన రోజున ఆమె మీద కప్పడానికి ఇల్లంతా వెతికితే ఆమె చేత్తో అల్లిన గుడ్డ ఒక్కటి దొరకలేదు. చర్చివాళ్ళు బజార్లో కొనుక్కొచ్చిన తెల్ల గుడ్డే కప్పారు. ఆ మధ్యాహ్నమే దీవెన తన మంచానికి ఒక దుప్పటి అల్లుకోవాలనుకుంది. పాలమీగడ రంగు దారం, పెద్ద పెద్ద పువ్వులు, అంచులకి గవ్వల్లాంటి మెలికలు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే అది కోరిక అవుతుంది, కోరికకి ఎవరో ఒకరు సరేననాలి. పనికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. కూతురు సారిక విశాఖలో నర్సింగు చదువుకి వెళ్ళాక, జున్నూ మేస్త్రీ ఇంటికి చేరాక, ఆ దుప్పటి మెల్లగా మంచమంత అయింది. ఇంక అంచు మిగిలింది.

అతిథులు వచ్చారు. సత్యప్రసాద్ గారు పెద్దమనిషి, మాట మెత్తన, భోజనం మీద మహా భక్తి. పాపాయి గారు గలగలా మాట్లాడే మనిషి. దీవెన వడ్డిస్తుంటే రమేష్ బాబు, "నువ్వూ కూర్చోవచ్చు కదా" అన్నాడు. అందరికీ మళ్ళీ కూర వేయాల్సిన గరిటె ఆమె చేతిలోనే ఉంది. రొయ్యల కూర రెండోసారి వేయించుకుని సత్యప్రసాద్ గారు కళ్ళు మూసుకున్నారు. పాపాయి గారు దీవెన చెయ్యి పట్టుకున్నారు.

"ఏం చెయ్యమ్మా ఇది. వంటకి వంట, అల్లికకి అల్లిక. మీ మాస్టారు చెప్పారు, ఏదో పెద్ద దుప్పటి అల్లుతున్నావటగా, మా ఈయన ఫంక్షన్‌కి ఇద్దామని. నాకు ఒకటే సంతోషం అనుకో. మా పరుపుకి సరిపోతుందంటావా?"

దీవెన భర్త కేసి చూసింది. అతను గారె తుంచుతూ నవ్వుతున్నాడు. "సర్‌ప్రైజ్ అనుకున్నానండి, మా సార్ దగ్గర నోరు జారాను. దీవెనా, ఒకసారి తెచ్చి చూపించు మేడం గారికి."

ఎవరి మాటకీ అడ్డు చెప్పని అలవాటు ఆమె కాళ్ళని అప్పుడే గది వైపు తిప్పింది. రెండడుగులు వేసింది కూడా. అక్కడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియలేదు. అరుగు మీద అమ్మ వేళ్ళు గుర్తొచ్చాయని తర్వాత అనుకుంది గాని, నిజానికి ఆ క్షణంలో ఏమీ గుర్తు రాలేదు. కాళ్ళు ఇక కదలనన్నాయి.

"అది నా మంచానికండి" అంది వెనక్కి తిరిగి, చాలా మామూలుగా. "నాకోసం అల్లుకుంటున్నాను. ఎవరికీ ఇవ్వనండి. మీరు ఇంకో గారె వేసుకోండి, వేడిగా ఉన్నాయి."

రమేష్ బాబుకి పొలమారింది. సత్యప్రసాద్ గారు కంచంలోని చింతచిగురుని జాగ్రత్తగా పరీక్షించడం మొదలుపెట్టారు. ముందు తేరుకున్నది పాపాయి గారే. ఆవిడ ఫక్కున నవ్వారు.

"మంచిపని చేశావమ్మా. మా ఇంట్లోనూ ఇదే కథ. నేను పిల్లల కోసమని దాచిన ఆవకాయ జాడీ ఈయన స్టాఫ్ రూముకి పట్టుకెళ్ళి అందరికీ పంచేసొస్తారు. అందరూ ఈయన్ని ధర్మరాజు అంటారు, కారం కొట్టినవాళ్ళని ఎవరూ అడగరు. ఏదీ, గారె వెయ్యి."

వాళ్ళు వెళ్ళేదాకా రమేష్ బాబు నవ్వు మొహంతోనే ఉన్నాడు. గేటు వేసి వచ్చాక అది దిగిపోయింది. "అలా మొహం మీద అనేస్తావా? నా పరువేం కావాలి?"

"నన్ను అడక్కుండా ఆవిడకి ఎలా చెప్పారండీ?"

"నువ్వు ఎప్పుడు కాదన్నావని అడగాలి?"

నిజమే. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కాదన్నది లేదు. కాదనడం చేతకాక కాదు. ఆ మాట అనాల్సిన చోట ఎప్పుడూ చేతిలో ఏదో పని ఉండేది, పని అయ్యేసరికి మాట వెళ్ళిపోయేది. ఆమె అంట్లు ముందేసుకునేసరికి అతను అది ఒప్పుకోలనుకుని, గొంతు తగ్గించి, "అది కాదు దీవెనా, అది వాళ్ళకి ఇచ్చేసి నువ్వు ఇంకోటి అల్లుకో. ఎలాగూ ఖాళీగా ఉన్నప్పుడు అల్లేదేగా" అన్నాడు.

దీవెన గారెల మూకుడు తోముతూ ఆగింది. "ఖాళీ మీకూ ఉంటుందిగా. మాట ఇచ్చింది మీరు. మీరే ఏదో ఒకటి అల్లి ఇవ్వండి."

"నేనా?"

"లెక్కల మాస్టారేగా. అదీ లెక్కే."

అతను వేళాకోళం అనుకున్నాడు. మర్నాడు సాయంత్రం టీ గ్లాసు పక్కన కొక్కెం సూదీ, దారపు ఉండా ఉన్నాయి. తీసి పక్కన పెట్టేయబోయాడు గాని, ఆమె ఏమీ అనకుండా ఎదురుగా కూర్చుని తన అంచు అల్లుకుంటుంటే, రోషం వచ్చింది. "దీంట్లో ఏముంది? మధ్యలో ఆరు కుట్లు, వరసకి ఆరు చొప్పున పెరిగితే గుండ్రం అదే వస్తుంది" అని కాగితం మీద వేసి చూపించాడు. లెక్క సరిగ్గానే ఉంది. వేళ్ళకే ఆ లెక్క తెలియదు. దారం బిగించి పట్టేవాడు, సూది దూరేది కాదు. వదులు చేస్తే ముడి జారిపోయేది. దీవెన అతని చూపుడు వేలికి దారం చుట్టి చూపించింది, చిన్నప్పుడు తనకి అమ్మ చూపించినట్టే. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని అలా కూర్చోవడం పెళ్ళైన కొత్త రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడే.

రోజూ సాయంత్రం ఇదే తంతు. నాలుగు కుట్లు పడేసరికి పాలవాడు గంట కొట్టేవాడు. కూర్చునేసరికి మేస్త్రి గేటు దగ్గర అరిచేది. లెక్క ఎక్కడుందో వెతుక్కునేలోపు జున్ను దారపు ఉండని మంచం కిందికి దొర్లించుకుపోయేది. ఓ రోజు గ్యాస్ సిలిండరు వచ్చింది, వెంటనే ఫోన్ మోగింది, ఆ వెంటనే ఇంటి ఓనరు గారు నీళ్ళ మోటారు సంగతి అడగడానికి వచ్చారు. రమేష్ బాబు సూది మంచం మీదికి గిరాటేశాడు. "ఒక్క పది నిమిషాలు మనిషిని కదల్చకుండా ఉండలేరా ఈ ఇంట్లో?"

దీవెన తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. పెదవుల మీదికి వచ్చిన నవ్వుని మాత్రం లోపలికి పీల్చుకుంది. అతను తన మాట తనే విన్నట్టు ఆమె వేళ్ళ కేసి చూశాడు. "నువ్వెలా అల్లుతావు మరి?"

"లేచి వెళ్ళి, పని చూసుకుని, మళ్ళీ వచ్చి మొదటి నుంచి లెక్కపెట్టుకుంటానండి."

అతను మంచం మీది సూది వెతికి తీసుకున్నాడు.

ఈ కబురు జంగారెడ్డిగూడెం చేరింది. అక్కడ చిన్నకొడుకు ఇంట్లో ఉంటున్న అత్తగారు బేబి గారు ఫోన్ చేశారు. "మగాడి చేతికి సూది ఇచ్చావటమ్మా? వాడికి చూపు పోతే పిల్లలకి లెక్కలు ఎవరు చెప్తారు?" బేబి గారు మంచి మనిషే. తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించి, పిల్లల్ని బడికి పంపి, పొగాకు కాల్చే బేరన్ల దగ్గర పనికి పోయి, వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించిన మనిషి. అందరూ అలాగే ఉండాలని ఆవిడ ఉద్దేశం కాదు, ఇంకోలా ఉండొచ్చని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. దీవెన, "అత్తయ్యా, నాకు ఈ పని పదేళ్ళకే మా అమ్మ నేర్పింది. నా చూపు బాగానే ఉంది కదండీ" అంది. అవతల బేబి గారు "అదీ నిజమే" అని ఫోన్ పెట్టేశారు.

ఏప్రిల్ ఆఖరికి రమేష్ బాబు అల్లిక ఒకటి పూర్తయింది. టీపాయ్ మీద వేసే గుండ్రటి గుడ్డ కావాల్సింది. పెంచాల్సిన చోట మరిచిపోయి, పెంచకూడని చోట పెంచేసరికి అది బల్ల మీద పడుకోకుండా టోపీలా లేచి నిలబడింది. దీవెన దాన్ని మేస్త్రి తలకి పెట్టి చూసింది. చక్కగా సరిపోయింది. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మేస్త్రి ఆ టోపీతోనే గంభీరంగా కూర్చుని వాళ్ళిద్దర్నీ చూసింది.

ఫంక్షన్ ముందు రోజు సాయంత్రం అతను దాన్ని రంగు కాగితంలో చుట్టాడు. చుట్టి, విప్పాడు. మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీవెనా, ఇది ఇవ్వబుద్ధి కావడం లేదు."

"వంకరగా వచ్చిందనా? పాపాయి గారు ఏమీ అనుకోరండి."

"అది కాదు." అతను మాటల కోసం వెతుక్కున్నాడు. "ఇదిగో, ఇక్కడ మేస్త్రి అరిచినప్పుడు ఒక కుట్టు వదిలేశాను. ఇక్కడ కరెంటు పోయింది. ఈ వరస అమ్మ నీకు ఫోన్ చేసిన రోజుది. ఇవన్నీ వాళ్ళకేం తెలుస్తాయి? తీసుకెళ్ళి దేని మీదో వేసేస్తారు." అని, ఆగిపోయాడు. వేలు ఆ ముడి మీదే ఉండిపోయింది. తల ఎత్తాడు. "మా చెల్లెలి టీవీ మీదది ఎప్పుడు అల్లావు?"

"సారికకి టైఫాయిడ్ వచ్చినప్పుడు. ఆసుపత్రిలో దాని మంచం పక్కన కూర్చుని."

"చర్చిలో బల్ల మీదది?"

"అమ్మ పోయాక. ఆ ఏడాది లెంటు రోజుల్లో, ఈస్టరు ముందు."

ఇంకా అడగాల్సినవి చాలా ఉన్నాయని అతని మొహం చూస్తే తెలుస్తోంది. "నాకు తెలీదు" అన్నాడు.

"మీరు అడగలేదు. నేనూ చెప్పలేదు" అంది దీవెన. అందులో దెప్పిపొడుపు లేదు. తన వంతు తను ఒప్పుకుంటే మనసు ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఫంక్షన్‌కి ఇద్దరూ వెళ్ళారు. రమేష్ బాబు బజార్లో కొన్న శాలువా కప్పాడు. అప్పటికే కబురందిన పాపాయి గారు "మీ అల్లిక ఏదీ మాస్టారూ?" అంటే, "ఇవ్వబుద్ధి కాలేదండి, నా దగ్గరే ఉంచుకున్నాను" అన్నాడు దాచకుండా. ఆవిడ దీవెన కేసి తిరిగి, పెదవి బిగించి నవ్వారు. ఆ వారంలోనే దీవెన అంచు ముగించి, చివరి ముడి వేసి దారం పళ్ళతో తెంపింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె మంచం మీది పాత దుప్పటి లాగేసి కొత్తది పరిచింది. నాలుగు మూలలూ సవరించింది. కిటికీ లోంచి వచ్చే ఎండ పాలమీగడ రంగు పువ్వుల మీద పడి, కింద పరుపు మీద ఇంకో అల్లిక వేసింది. మధ్యాహ్నం వంట చేయలేదు. "అన్నం, కోడిగుడ్ల పులుసు మీ వంతు" అంది భర్తతో. బతిమాలలేదు, పోట్లాడలేదు. "ఉల్లిపాయలు సన్నగా తరగాలా, పొడుగ్గానా?" అని అరిచాడతను వంటింట్లోంచి. "మీ ఇష్టం" అంది. అది పరీక్షలా కాకుండా నిజంగానే అతని ఇష్టానికి వదిలేసి, దుప్పటి మీద వెల్లకిలా పడుకుంది. మొదట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొట్ట మీద పెట్టుకుంది, పక్కన పెట్టుకుంది. ఏదో మరిచిపోయినట్టు ఒకసారి లేవబోయింది. ఏమీ మరిచిపోలేదు. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. వెళ్ళలేదు. వంతెన మీద రైలు పోతున్న చప్పుడు వినబడింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటూ ఆ చప్పుడు మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా విన్నది ఇవాళే.

ఫోన్ మోగింది. బేబి గారు.

"వందనాలు అత్తయ్యా."

"వందనాలమ్మా. ఏం చేస్తున్నావు?"

"ఏమీ చేయడం లేదండి."

"ఏమీ చేయకపోవడం ఏంటి? వంట?"

"మీ అబ్బాయి చేస్తున్నారు. నేను పడుకున్నాను."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండి. నిద్ర కూడా రావడం లేదు. ఊరికే పడుకున్నాను, మెలకువగా. నేను అల్లుకున్న దుప్పటి మీద."

అత్తగారు ఏమంటారోనని ఒకప్పుడైతే దీవెన ఈపాటికి లేచి కూర్చుని, ఏదో ఒక పని పేరు చెప్పేది. ఇవాళ అలాగే పడుకుని పైన తిరుగుతున్న ఫ్యాను చూసింది. అటునుంచి పళ్ళాల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, ఎవరో "నానమ్మా" అని పిలవడం వినిపించాయి. బేబి గారు పలకలేదు. కాసేపటికి ఆవిడ గొంతు వచ్చింది, ఎవరూ వినకుండా అడిగినట్టు, బాగా తగ్గించి.

"ఎలా ఉందే?"

"బావుందండి" అంది దీవెన. "మీరూ ఒకసారి పడుకుని చూడండి అత్తయ్యా. ఫోన్ చేతిలోనే ఉంచుకోండి, ఇద్దరం మాట్లాడుకోవద్దు."

బేబి గారు అన్నారు.

"ఉండు. తలుపు గడియ పెట్టి వస్తాను."